సెసిల్ కింబర్

సెసిల్ కింబర్ (ఏప్రిల్ 12, 1888 - ఫిబ్రవరి 4, 1945) ఇంగ్లండుకు చెందిన మోటారు పరిశ్రమ నిర్వాహకుడు, కార్ల రూపశిల్పి. ఎం.జి. అన్న రెండక్షరాల పేరుతో ప్రపంచ ప్రసిద్ధి పొందిన స్పోర్ట్సు కార్లకు ఇతడే మూలపురుషుడు. సామాన్య కుటుంబాలు వాడుకొనే చవక కారు భాగాలతోనే చూడముచ్చటైన, చురుకైన రెండు సీట్ల కారును తయారుచేసి, ధనవంతులు కానివారికి కూడా అందుబాటు ధరలో అమ్మవచ్చునని నిరూపించాడు. అయితే తాను పెంచి పెద్దచేసిన ఆ సంస్థకు ఇతడు ఏనాడూ యజమాని కాలేదు. ఇరవై ఏళ్ళు పనిచేసిన తరువాత 1941లో అక్కడి నుండి తొలగించబడ్డాడు. ఆపై నాలుగేళ్ళు నిండకుండానే లండనులో జరిగిన రైలు ప్రమాదంలో మరణించాడు.

తెలుగు ఊళ్ళలో ఎం.జి. అనగానే మహాత్మా గాంధీ రోడ్డు గుర్తుకు వస్తుంది. ఈ కార్ల విషయంలో మాత్రం ఆ అక్షరాలు ఆక్స్‌ఫర్డు నగరంలోని మారిస్ గరాజెస్ అనే కార్ల విక్రయశాల పేరు నుండి వచ్చినవి.

బాల్యం, తొలి ఉద్యోగాలు

కింబర్ లండనులో జన్మించాడు. తండ్రి హెన్రీ కింబర్ ముద్రణారంగానికి చెందిన వ్యాపారి. కుటుంబం ఉత్తర ఇంగ్లండులోని మాంచెస్టరు ప్రాంతానికి తరలివెళ్ళగా, సెసిల్ విద్యాభ్యాసం స్టాక్‌పోర్టు గ్రామర్ స్కూలులో జరిగింది. చదువు ముగించి తండ్రి వ్యాపారంలోనే చేరాడు. కాని మనసంతా మోటారు సైకిళ్ళపైనే ఉండేది.

1910 ప్రాంతంలో జరిగిన ఒక ప్రమాదం ఇతని జీవితాన్ని మలుపు తిప్పింది. మిత్రుని మోటారు సైకిలు నడుపుతుండగా ఒక కారు ఢీకొని కుడికాలు తీవ్రంగా దెబ్బతిన్నది. కాలు తీసివేయవలసి వస్తుందేమోనని వైద్యులు భావించేంత వరకు పరిస్థితి వెళ్ళింది. పలు శస్త్రచికిత్సల తరువాత ఎముక అతుకుకున్నది కాని, ఆ కాలు రెండు అంగుళాల మేర పొట్టిదైపోయింది. జీవితాంతం కొద్దిగా కుంటుతూనే నడిచాడు. మోటారు సైకిలుకు స్వస్తి చెప్పి, 1913లో నష్టపరిహారం సొమ్ముతో సింగర్ అనే చిన్న కారు కొన్నాడు.

ఆ సొమ్మే తండ్రీకొడుకుల మధ్య చిచ్చు పెట్టింది. వ్యాపారం దెబ్బతింటున్న తండ్రి మిగిలిన డబ్బును అందులో పెట్టమని కోరగా కొడుకు నిరాకరించాడు. తెగిన బంధం మళ్ళీ కలవలేదు. కింబర్ ఇల్లు విడిచి, ఖరీదైన కార్లు తయారుచేసే షెఫీల్డ్-సింప్లెక్సు సంస్థలో చేరాడు. 1915లో ఐరీన్ హంట్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఇద్దరు కుమార్తెలు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఎ.సి. కార్సు, మార్టిన్‌సైడ్ సంస్థలలో పనిచేసి, తరువాత బర్మింగ్‌హామ్‌లోని ఇ.జి. రిగ్లీ కంపెనీకి మారాడు. రిగ్లీ వారు కార్లకు కావలసిన గేరు పెట్టెలు, ఇరుసులు తయారుచేసేవారు. యుద్ధం తరువాత ఆంగస్-శాండర్సన్ అనే కొత్త కారుకు భాగాలు సరఫరా చేయడానికి పూనుకొని, ఆ కారు విఫలం కావడంతో నష్టపోయారు. కింబర్ దాచుకున్న సొమ్ములో చాలాభాగం దీనితో పోయింది.

మారిస్ గరాజెస్

1921లో కింబర్ ఆక్స్‌ఫర్డులోని మారిస్ గరాజెస్‌లో అమ్మకాల మేనేజరుగా చేరాడు. దీని యజమాని విలియం మారిస్. సైకిళ్ళ మరమ్మతుతో జీవితం ప్రారంభించి, బ్రిటనులో అత్యధికంగా కార్లు తయారుచేసే పారిశ్రామికవేత్తగా ఎదిగినవాడు. తరువాతి కాలంలో లార్డ్ నఫీల్డ్‌గా, వైద్యశాలలకు, విశ్వవిద్యాలయానికి భూరి విరాళాలిచ్చిన దాతగా పేరుపొందినదీ ఇతడే. కార్లు తయారుచేసే మారిస్ మోటార్సు వేరు, వాటిని అమ్మి మరమ్మతు చేసే మారిస్ గరాజెస్ వేరు. రెండవది మారిస్ సొంత ఆస్తి. 1922లో దాని మేనేజరు వైదొలగడంతో కింబర్ జనరల్ మేనేజరు అయ్యాడు.

అమ్మడానికి వచ్చిన మారిస్ కార్లు గట్టివి, నమ్మకమైనవి. కాని వాటిలో కంటికి ఇంపు తక్కువ. కింబర్ మారిస్ కౌలీ ఛాసిస్‌ను తీసుకొని, స్ప్రింగులు మార్చి కారును నేలకు దగ్గరగా దించి, దానిపై అందమైన బాడీ అమర్చి, ఛమ్మీ అనే పేరుతో అమ్మాడు. 1923లో లండను నుండి లాండ్స్ ఎండ్ వరకు జరిగే పోటీలో తానే ఛమ్మీని నడిపి బంగారు పతకం పొందాడు. అదే కాలంలో ఆక్స్‌ఫర్డులోని రావర్త్ బాడీ తయారీదారులకు ఆరు రెండు సీట్ల బాడీలు పురమాయించాడు. ధర ఎక్కువ కావడంతో ఆ ఆరు కార్లు నిదానంగా అమ్ముడుపోయాయి. చవకగా ఇవ్వకపోతే ఇటువంటి కారుకు గిరాకీ ఉండదన్న సంగతి కింబర్‌కు బోధపడింది ఇక్కడే అనుకోవచ్చు.

అష్టభుజి మధ్య ఎం.జి. అక్షరాలున్న ప్రసిద్ధ చిహ్నం ఈ రోజులలోనే ప్రకటనలలోకి వచ్చింది. దానిని గీసినవాడు సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగి ఎడ్మండ్ లీ. కింబర్‌కు ఈ ఎనిమిది మూలలపై మోజు అంతా ఇంతా కాదు. కాలక్రమేణా మీటర్ల చట్రాల వంటి చోట్ల కూడా ఆ ఆకారమే కనిపించసాగింది. మొట్టమొదటి ఎం.జి. ఏది, ఏ సంవత్సరానిది అన్న విషయమై అభిమానుల మధ్య ఏకాభిప్రాయం లేదు. మారిస్ కారు ఎక్కడ ముగిసి ఎం.జి. ఎక్కడ మొదలైందో గీత గీయడం కష్టం కనుక ఈ వాదన తెగేది కాదు.

ఓల్డ్ నంబర్ వన్

1925లో కింబర్ తనకోసం ఒక ప్రత్యేకమైన కారు కట్టించుకున్నాడు. మారిస్ ఛాసిస్‌ను వెనుకభాగంలో మార్పించి, కవెంట్రీలోని హాచ్‌కిస్ కర్మాగారంలో తయారైన 1,548 సి.సి. ఇంజను అమర్చి, సన్నని రెండు సీట్ల బాడీ వేయించాడు. ఈ కారుతో ఆ ఏటి ఈస్టరు పండుగ రోజులలో జరిగిన లాండ్స్ ఎండ్ పోటీలో మళ్ళీ బంగారు పతకం సాధించాడు.

పోటీ అయిపోగానే కారును ఒక మిత్రునికి 300 పౌండ్లకు అమ్మివేశాడు. కొన్నేళ్ళకు అది తుక్కు సామాను దుకాణానికి చేరగా, అక్కడ దానిని గుర్తించి సంస్థ 15 పౌండ్లిచ్చి తిరిగి కొనుగోలు చేసింది. అప్పటికి ఎం.జి. పేరు మారుమోగుతున్నది. అందుచేత దానికి ఓల్డ్ నంబర్ వన్ అని పేరుపెట్టి ప్రచారానికి వాడుకొన్నారు. నిజానికి అది మొదటి ఎం.జి. కాదు. ఆ పేరు ప్రకటనల శాఖ ఇచ్చినదే తప్ప చరిత్ర ఇచ్చినది కాదు. ఈ కారు గేడన్ గ్రామంలోని బ్రిటిష్ మోటారు మ్యూజియం సేకరణలో ఉంది.

అబింగ్డన్ కర్మాగారం

గిరాకీ పెరగడంతో ఎం.జి. పని నాలుగేళ్ళలో పలు చోట్లకు మారింది. 1928లో ఎం.జి. కార్ కంపెనీ ఏర్పడింది. 1930లో అది లిమిటెడ్ కంపెనీగా నమోదైంది. వాటాలు దాదాపు అన్నీ మారిస్ చేతిలోనే ఉండేవి. 1929లో ఆక్స్‌ఫర్డుకు దక్షిణాన ఉన్న అబింగ్డన్ పట్టణంలో మూతపడిన తోళ్ళ కర్మాగారపు భవనంలో స్థిరపడ్డారు. అక్కడ యంత్రంతో కదిలే వరుస ఉండేది కాదు. కార్మికులు ఛాసిస్‌ను చేతులతో ఒక చోటి నుండి మరొక చోటికి నెట్టుకుంటూ ఒక్కొక్క భాగమే బిగించేవారు. కర్మాగారం టెలిఫోను నంబరు 251. పలు రకాల ఎం.జి. కార్ల ఛాసిస్ సంఖ్యలు 0251తో మొదలవడానికి కారణం ఇదే.

సంస్థ దశ తిరిగినది 1928 అక్టోబరులో లండను ఒలింపియా ప్రదర్శనలో ఎం-టైపు మిడ్జెట్ కారును చూపించినప్పుడు. మారిస్ మైనర్ అనే చిన్న కుటుంబపు కారు ఛాసిస్, 847 సి.సి. ఇంజను దీనికి ఆధారం. బాడీ పలుచని చెక్కపై గుడ్డ అంటించి చేసినది. వెనుక భాగం పడవ కొసలా ఉండేది. ధర 175 పౌండ్లు. వేగవంతమైన స్పోర్ట్సు కారంటే బెంట్లీ వంటి భారీ కారు అని, అది లక్షాధికారుల సొత్తు అని అనుకుంటున్న కాలంలో, గుమాస్తాలు, యువ వైద్యులు కూడా తామూ ఒకటి కొనవచ్చునని భావించసాగారు. 1932 వరకు ఇటువంటి కార్లు 3,200కు పైగా తయారయ్యాయి.

1932లో వచ్చిన జె2 మిడ్జెట్ ధర 199 పౌండ్ల 10 షిల్లింగులు. పొడవైన బానెట్, డ్రైవరు ముందు రెండు మూపురాల వలె ఎత్తైన భాగం, మోచేయి ఆనేందుకు వీలుగా వంపు తిరిగిన పొట్టి తలుపులు, ముందుకు మడతపడే అద్దం, వెనుక పలక వంటి పెట్రోలు ట్యాంకు, ఆపైన అదనపు చక్రం. బ్రిటిష్ స్పోర్ట్సు కారు అనగానే చాలామంది మనసులో మెదిలే బొమ్మ ఇదే. కింబర్ డిగ్రీ చదివిన ఇంజనీరు కాడు. సాంకేతిక నిర్మాణం హెచ్.ఎన్. చార్లెస్ వంటివారు చూసుకొనేవారు. రేఖలను, నిష్పత్తులను సరిచూసే కన్ను మాత్రం కింబర్‌ది.

పందేలు, రికార్డులు

పందెంలో గెలిచిన కారే బజారులో అమ్ముడుపోతుందని కింబర్ విశ్వాసం. 1931 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని మాంట్లెరీ వృత్తాకార బాటపై జార్జి ఐస్టన్ నడిపిన ఎం.జి., 750 సి.సి. తరగతిలో గంటకు 100 మైళ్ళ వేగాన్ని దాటిన మొదటి కారు అయింది. అదే ఏడాది బ్రూక్‌లాండ్స్‌లో రెండు రోజులపాటు జరిగిన డబుల్ ట్వెల్వ్ పందెంలో సి-టైపు మిడ్జెట్‌లు మొదటి అయిదు స్థానాలనూ కైవసం చేసుకొన్నాయి. 1933లో కె3 మాగ్నెట్ కార్లు ఇటలీలోని మిల్లె మిలియా పందెంలో తమ తరగతిలో మొదటి స్థానంతో పాటు జట్టు బహుమతి కూడా గెలుచుకొన్నాయి. అదే సంవత్సరం ఉత్తర ఐర్లాండులో జరిగిన టూరిస్టు ట్రోఫీని కె3పై గెలిచినవాడు ఇటలీకి చెందిన సుప్రసిద్ధ చోదకుడు తాజియో నువొలారి. ఈ పందెపు కార్లను కర్మాగారం తనకోసం దాచుకోలేదు. సొమ్ము చెల్లించగలిగిన ఎవరికైనా అమ్మింది.

అధికారం చేజారుట

1935 జూలైలో మారిస్ తన సొంత ఆస్తిగా ఉన్న ఎం.జి. సంస్థను మారిస్ మోటార్సుకు అమ్మివేశాడు. అక్కడ పెత్తనం చేస్తున్న లెనార్డ్ లార్డ్ ఖర్చుల విషయంలో కఠినుడు. పందేల విభాగం మూతపడింది. డిజైను పని అబింగ్డన్ నుండి కౌలీకి తరలిపోయింది. అప్పటివరకు మేనేజింగ్ డైరెక్టరుగా ఉన్న కింబర్ హోదా తగ్గి, పైవారి ఆజ్ఞలు అమలుచేసే స్థితి ఏర్పడింది.

ఎం.జి. అభిమానులు ఈ నిర్ణయాన్ని ద్రోహంగానే చిత్రిస్తారు. అది పూర్తిగా న్యాయం కాదు. 1932 తరువాత అమ్మకాలు తగ్గుతూ వచ్చాయి. ఒకదానికొకటి దగ్గరగా ఉండే రకాలు ఎక్కువై, ఒక కారు భాగాలు మరొక కారుకు పనికిరాని పరిస్థితి వచ్చింది. కుటుంబపు కారు భాగాలతో స్పోర్ట్సు కారు అన్న తన సూత్రం నుండి కింబర్ తానే కొంత దూరం జరిగాడని చెప్పాలి. కౌలీ నుండి వచ్చిన ఆదేశాలతో 1936లో వెలువడిన టి.ఎ. మిడ్జెట్‌లో ఖరీదైన ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజనుకు బదులు 1,292 సి.సి. సాదా ఇంజను అమర్చారు. పాత అభిమానులు పెదవి విరిచారు. కారు మాత్రం బాగానే అమ్ముడుపోయింది.

పందేలు ఆగినా రికార్డుల ప్రయత్నాలు కొనసాగాయి. 1939లో జర్మనీలోని డెసావు రహదారిపై గోల్డీ గార్డ్‌నర్ సుమారు 1,100 సి.సి. ఎం.జి. కారును గంటకు 200 మైళ్ళకు పైగా వేగంతో నడిపాడు. ఆ తరువాత అక్కడికక్కడే సిలిండర్లను వెడల్పు చేసి, పై తరగతి రికార్డును కూడా సాధించారు. ఈ మధ్యలో 1938లో కింబర్ భార్య ఐరీన్ దీర్ఘకాల అనారోగ్యంతో మరణించింది. అదే సంవత్సరం ఇతడు రెండవ వివాహం చేసుకొన్నాడు.

తొలగింపు

రెండవ ప్రపంచయుద్ధం రావడంతో కార్ల తయారీ నిలిచిపోయింది. అబింగ్డన్ కర్మాగారాన్ని ఖాళీగా ఉంచడం ఇష్టంలేక కింబర్ స్వయంగా తిరిగి, ఆల్బెమార్ల్ అనే యుద్ధవిమానపు ముందు భాగం తయారీ పనిని సంపాదించాడు. పనివారికి పని దొరికింది. కాని నఫీల్డ్ సంస్థల పెద్దల అనుమతి తీసుకోలేదన్నది అభియోగమైంది. 1941 నవంబరులో, నఫీల్డ్ సంస్థల నిర్వహణ చేపట్టిన మైల్స్ థామస్ కింబర్‌ను రాజీనామా చేయమని కోరాడు. అప్పుడు ఇతని వయస్సు 53 సంవత్సరాలు. సంస్థ అంతా ఇతని పేరుతో ముడిపడి ఉన్నా, వాటాదారుగా ఎదిరించి నిలవడానికి చేతిలో ఏమీ లేదు.

ఆ తరువాత కింబర్ బాడీలు తయారుచేసే ఛార్లెస్‌వర్త్ సంస్థను విమానాల పనికి అనుగుణంగా తీర్చిదిద్దాడు. అనంతరం పిస్టన్లు తయారుచేసే స్పెషలాయిడ్ సంస్థలో డైరెక్టరుగా పనిచేశాడు.

మరణం

1945 ఫిబ్రవరి 4, ఆదివారం సాయంత్రం కింబర్ సంస్థ పనిమీద లండను కింగ్స్ క్రాస్ స్టేషనులో లీడ్స్ వెళ్ళే 6 గంటల రైలు ఎక్కాడు. 17 పెట్టెల ఆ బండి స్టేషను దాటగానే గ్యాస్‌వర్క్స్ సొరంగంలోని ఎగువ వాలులోకి ప్రవేశించింది. అక్కడ కొత్తగా మార్చిన పట్టాపై ఇంజను చక్రాలు జారసాగాయి. సొరంగపు చీకటిలో బండి ఆగి వెనక్కు దొర్లుతున్న సంగతి డ్రైవరుకు తెలియలేదు. ఇది గమనించిన సిగ్నలు ఉద్యోగి బండిని ఖాళీగా ఉన్న ప్లాట్‌ఫారం వైపు మళ్ళించబోయాడు. కాని అప్పటికే చివరి పెట్టె ఆ దారి చీలికపైకి వచ్చివేసింది. పెట్టె పట్టాలు తప్పి సిగ్నళ్ళ ఇనుప చట్రానికి కొట్టుకొని నలిగిపోయింది. 26 మంది గాయపడ్డారు. మరణించినవారు ఇద్దరే. వారిలో ఒకడు కింబర్. బండి నడిచే వేగంకన్నా ఏమంత ఎక్కువ లేని వేగంతో జరిగిన ప్రమాదమిది.

తరువాతి కాలం

కింబర్ మరణించిన కొద్ది నెలలకు, 1945 శరదృతువులో, అబింగ్డన్ నుండి టి.సి. మిడ్జెట్ వెలువడింది. ఇది కొత్త కారు కాదు. 1939లో కింబర్ అధ్వర్యంలోనే తయారైన టి.బి. కారును కొద్దిగా వెడల్పు చేసి, చిన్న మార్పులతో మళ్ళీ మొదలుపెట్టినది. 1949 వరకు సుమారు 10,000 కార్లు తయారయ్యాయి. వాటిలో అమెరికా చేరినవి 2,000 ప్రాంతమే. స్టీరింగు కుడివైపునే ఉండేది. అయినా అమెరికాలో స్పోర్ట్సు కార్ల పందేలపై మోజు పెరగడానికి ఈ కారు ముఖ్య కారణమైంది. తరువాత ప్రపంచ విజేతగా నిలిచిన ఫిల్ హిల్, కార్ల నిర్మాతగా పేరుపొందిన క్యారల్ షెల్బీ పందేల తొలిదినాలలో నడిపినవి ఎం.జి. టి.సి.లే.

1955లో ఎం.జి.ఎ., 1962లో ఎం.జి.బి. వచ్చాయి. ఎం.జి.బి. ఇంజను ఆ సంస్థ కుటుంబపు కార్లలో వాడిన ఇంజనే. అంటే కింబర్ సూత్రమే. 1980 వరకు 5 లక్షలకు పైగా ఎం.జి.బి. కార్లు అమ్ముడయ్యాయి. ఆ ఏడాది అక్టోబరులో అబింగ్డన్ కర్మాగారం మూతపడింది.

పాత ఎం.జి. కార్ల క్రయవిక్రయాలు

పాత ఎం.జి.లు పెద్ద సంఖ్యలో మిగిలి ఉండడం, విడిభాగాలు దొరకడం వలన బ్రిటిష్ స్పోర్ట్సు కార్లలో ఇవి తరచుగా చేతులు మారుతుంటాయి. బాగా సంరక్షించిన కారని చెప్పి అమ్మకానికి పెట్టినప్పుడు తెలిసినవారు మొదట చూసేది మెరిసే రంగును కాదు. టి.సి. అయితే బాడీ రేకు లోపలి యాష్ కలప చట్రం తేమకు పుచ్చిపోలేదా అని తలుపులు ఎత్తి చూస్తారు. తలుపు కిందికి వాలితే లోపల కలప చెడినదని అర్థం. ఎం.జి.బి.లో ప్రత్యేకమైన ఛాసిస్ లేదు. తలుపుల కిందుగా సాగే ఇనుప పెట్టెల వంటి భాగాలే కారు బరువును మోస్తాయి. అవి తుప్పుపడితే మరమ్మతు ఖర్చు కారు ధరను మించవచ్చు. ఛాసిస్, ఇంజను సంఖ్యలు అసలువేనా అన్నది మరొక ముఖ్య విషయం. ఎం.జి.ఎ., ఎం.జి.బి. వంటి కార్లకు తయారైన తేదీ, మొదట వేసిన రంగు తెలిపే ధ్రువపత్రాన్ని గేడన్ మ్యూజియం ఇస్తుంది.

టి.సి. ఇంజనులో ఒక వింత ఉంది. బోల్టుల తలలు బ్రిటిష్ అంగుళాల కొలతవి, మరలు మాత్రం మెట్రిక్ కొలతవి. ఇది తయారైన కవెంట్రీ కర్మాగారం మొదట ఫ్రెంచి వారి హాచ్‌కిస్ సంస్థది. 1923లో దానిని మారిస్ కొన్నా పాత మరల కొలత మారలేదు. ఓల్డ్ నంబర్ వన్‌కు కింబర్ అమర్చిన ఇంజను కూడా ఆ కర్మాగారానిదే. ఈ సంగతి తెలియని మెకానిక్కు చేతిలో పడితే మరలు చెడిపోతాయి.

1930లో ఏర్పడిన ఎం.జి. కార్ క్లబ్బు కార్యాలయం అబింగ్డన్‌లోని కింబర్ హౌస్ అనే భవనంలో ఉంది. ఎం.జి. పేరుపై హక్కులు పలు చేతులు మారి, 2005లో చైనాకు చెందిన నాన్‌జింగ్ సంస్థకు, ఆ పైన షాంఘైలోని ఎస్.ఎ.ఐ.సి. సంస్థకు చేరాయి. గుజరాత్‌లోని హాలోల్ కర్మాగారంలో తయారయ్యే ఎం.జి. కార్లు 2019 నుండి భారతదేశంలో అమ్మబడుతున్నాయి. వీటిలో అధికభాగం కుటుంబాలు వాడుకొనే ఎత్తైన పెద్ద కార్లు. 2025లో మాత్రం సైబర్‌స్టర్ అనే రెండు సీట్ల విద్యుత్ కారు ఇక్కడ విడుదలైంది. దాని ముందు భాగంలో కూడా అష్టభుజి గుర్తే ఉంది.